ముందు టార్చ్ వేసి చూడండి, తర్వాత లెన్స్ పేరు చదవండి

ప్రశ్న: మా నాన్నకు చిక్కడపల్లిలో చిన్న ఫొటో స్టూడియో ఉండేది. మూసేసి పదిహేనేళ్లయింది. మొన్న ఇల్లు మారుతుంటే అటక మీది ట్రంకు పెట్టెలో ఆయన కెనాన్ పి కెమెరా దొరికింది. బాడీ బాగానే ఉంది, షట్టర్ కొడుతోంది. లెన్స్ మాత్రం లేదు. ఎప్పుడో ఒక స్నేహితుడు పెళ్లి ఫొటోలకని అడిగి తీసుకెళ్లాడట, అంతే సంగతులు. అదే పెట్టెలో 50 మి.మీ. అని రాసి ఉన్న ఇంకో లెన్స్ ఉంది. తిప్పితే కెమెరాకు చక్కగా పట్టింది గానీ దానికి ఫోకస్ రింగే లేదు. దాంతో పనవుతుందా? లేకపోతే ఏది కొనాలి? నెట్‌లో ఎఫ్ 1.2 లెన్స్ ఒకటి చూశాను, నా దగ్గరున్న ముప్పై వేలూ దానికే అయిపోతాయి. ఆఫీసులో ఒకాయన రష్యా జూపిటర్ చాలంటాడు. ఇంకొకరు 50 ఎందుకు, 35 తీసుకోమంటారు. నేను తీయాలనుకుంటున్నవి ఇంట్లో నాన్న ఫొటోలు, ఆదివారం ఆబిడ్స్‌లో ఫుట్‌పాత్ పుస్తకాలు, సాయంత్రం పూట చార్మినార్ దగ్గర జనం. ఫిల్మ్ ఎప్పుడూ వాడలేదు.
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: ముందు ఆ పెట్టెలో దొరికిన లెన్స్ సంగతి చూద్దాం. అది ఎన్‌లార్జర్ లెన్స్. డార్క్‌రూమ్‌లో నెగెటివ్‌ను పెద్దది చేసి కాగితం మీద వేయడానికి మీ నాన్న వాడిన లెన్స్. దాని మర కూడా 39 మి.మీ., మీ కెమెరా మర కూడా 39 మి.మీ., అందుకే అంత బుద్ధిగా పట్టింది. కానీ కెమెరాకు నేరుగా బిగిస్తే అది ఫిల్ముకు మరీ దగ్గరైపోతుంది. ఎదురుగా చార్మినార్ ఉన్నా, చాయ్ కప్పు ఉన్నా ఏదీ ఫోకస్‌లో పడదు. ఫోకస్ రింగు లేకపోవడానికి కారణం ఎన్‌లార్జర్‌లో ఆ పని లెన్స్ బిగించిన భాగాన్నే పైకీ కిందికీ జరిపి చేసుకోవడమే. దాన్ని పారేయకండి, కెమెరాకు మాత్రం పెట్టకండి.

దీన్నిబట్టి ఒక మాట గుర్తుంచుకోండి. మర పట్టినంత మాత్రాన లెన్స్ కుదిరినట్టు కాదు. రష్యా జెనిట్ ఎస్‌ఎల్‌ఆర్ (లెన్స్ గుండానే చూసి ఫొటో తీసే రకం) కెమెరాల పాత మోడళ్లకూ 39 మి.మీ. మరే ఉండేది. ఆ లెన్సులు ఫిల్ముకు 45 మి.మీ. పైచిలుకు దూరంలో కూర్చోవాలి, మీ కెమెరాలో ఆ దూరం 28.8 మి.మీ. మాత్రమే. ఇండస్టార్-50 అనే లెన్స్ అయితే రెండు రకాల్లోనూ వచ్చింది, పేరు చూసి కొంటే బోల్తా పడతారు. లెన్స్‌ను వెనక్కి తిప్పి చూడండి. మీది రేంజ్‌ఫైండర్ కెమెరా, అంటే లెన్స్ గుండా కాకుండా పక్క కిటికీలో చూస్తూ, అక్కడ కనిపించే రెండు బొమ్మల్ని కలిపి ఫోకస్ చేసే రకం. రేంజ్‌ఫైండర్ లెన్స్ అయితే ఫోకస్ రింగు తిప్పుతున్నకొద్దీ వెనకవైపు ఒక లోహపు రింగు ముందుకీ వెనక్కీ కదులుతుంది. కెమెరా లోపలి చిన్న లివర్ ఆ రింగునే తాకుతుంది. లెన్స్ ఎంత దూరానికి ఫోకస్ అయిందో కెమెరాకు తెలిసేది ఆ తాకిడి వల్లే. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు వెనక ఫొటో అడగాల్సిందే. ఇవ్వనంటే వదిలేయండి.

లైకా ఎం మౌంట్ (జర్మనీ లైకా కంపెనీది, మర కాకుండా వేరే రకం బిగింపు) అని రాసి ఉన్నవీ మీకు పనికిరావు, ఎంత కొత్తవైనా సరే. మర లెన్సును అడాప్టర్‌తో ఎం కెమెరాకు పెట్టొచ్చు గానీ ఎం లెన్సును మర కెమెరాకు పెట్టే దారి లేదు. ఈమధ్య వస్తున్న చైనా లెన్సుల్లో చాలావరకు ఎం మౌంట్‌వే, తక్కువ ధర చూసి ఆర్డర్ పెట్టేయకండి.

ఇక 35 సంగతి. అది 50 కంటే వెడల్పుగా చూసే లెన్స్. కెనాన్ పి 1959లో వచ్చిన కెమెరా. దాని వ్యూఫైండర్‌లో, అంటే కన్ను పెట్టి చూసే కిటికీలో, ఏ లెన్స్‌కు ఎంత మేర ఫొటోలో పడుతుందో చూపే 35, 50, 100 గీతలు మూడూ ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటాయి, ఒకదాని లోపల ఒకటి. మొదట్లో గజిబిజిగా అనిపిస్తుంది. 35 గీతలు అంచుకు అంటుకుని ఉంటాయి, కళ్లద్దాలు పెట్టుకుంటే మూలలు కనిపించవు. 50 గీతలు మాత్రం మధ్యలో హాయిగా ఉంటాయి. ఇంకో సుఖం ఉంది. ఈ వ్యూఫైండర్‌లో వస్తువులు ఉన్నంత సైజులోనే కనిపిస్తాయి, చిన్నవి కావు. కాబట్టి రెండో కన్ను మూసుకోనక్కర్లేదు. రెండు కళ్లూ తెరిచి ఎదురుగా చూస్తే గాలిలో ఒక తెల్లటి చట్రం వేలాడుతున్నట్టు ఉంటుంది, మనుషులు దాంట్లోకి వస్తుంటారు, పోతుంటారు. 50 లెన్స్ కోసమే చేశారా అనిపించే కెమెరా అది. 35 ఆలోచన వచ్చే ఏడాదికి పెట్టుకోండి.

ఇప్పుడు అసలు విషయం, ఎఫ్ 1.2. ఈ ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత వెడల్పుగా తెరుచుకుంటుంది, అంత ఎక్కువ వెలుతురు లోపలికి వస్తుంది. ఈ మోజు నాకూ ఉండేది, ఎలా దిగిందో చెబుతాను.

పన్నెండేళ్ల కిందట నేనూ ఇలాగే ఒక ఎఫ్ 1.2 కొన్నాను. ఎవరి దగ్గర కొన్నానో వదిలేద్దాం. లోపల కాస్త పొగలా ఉందేంటి అని అడిగితే 'అది వింటేజ్ క్యారెక్టర్ సార్, ఫొటోలో డ్రీమీగా వస్తుంది' అన్నాడు. నమ్మాను. జనవరిలో నాంపల్లి నుమాయిష్‌కి తీసుకెళ్లి, లైట్ల వెలుగులో గాజుల దుకాణాలు, పాపడ్ కాల్చేవాళ్లు, జెయింట్ వీల్, అన్నీ ఎఫ్ 1.2 దగ్గరే పెట్టి రెండు రీళ్లు కొట్టాను. కడిగించాక చూస్తే ప్రతి బల్బు చుట్టూ ఒక తెల్లటి వలయం. గాజుల అంగడి ముందు నిలబడ్డ మా అక్క మొహం పాలలో ముంచి తీసినట్టుంది. ఆ డెబ్భై రెండు ఫొటోల్లో పనికొచ్చినవి నాలుగు. ఆ నాలుగూ ఒకచోట చేయి వణుకుతుందేమోనని భయపడి ఎఫ్ 4 పెట్టి స్తంభానికి ఆనించి తీసినవి.

తప్పు ఎఫ్ 1.2 లెన్సులన్నిటిదీ అనను. శుభ్రమైనది దొరికితే చీకట్లో అద్భుతాలు చేస్తుంది. కానీ మీ అవసరాలకు లెక్క కట్టి చూడండి. ఏప్రిల్ ఎండలో ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఐఎస్‌ఓ 400 ఫిల్మ్ (ఈ అంకె పెరిగినకొద్దీ తక్కువ వెలుతురు చాలు) వేసుకుని నిలబడితే, మీ కెమెరాలో ఆఖరి వేగం 1/1000 సెకను పెట్టినా ఎఫ్ 11 దగ్గర ఉండాల్సిందే. అక్కడ ఎఫ్ 1.2 ఉన్నా ఒకటే, ఎఫ్ 3.5 ఉన్నా ఒకటే. ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద నాన్న ఫొటో అంటారా, అదే ఫిల్మ్‌తో ఎఫ్ 2 పెడితే 1/30, మంచి వెలుగైతే 1/60 వస్తుంది. కుర్చీలో కూర్చున్న మనిషికి అది చాలు. చార్మినార్ దగ్గర దుకాణాల లైట్ల ముందు నిలబడ్డ జనానికీ అంతే. అంటే మీకు ఎఫ్ 2 దగ్గర్లో ఏదో ఒకటి కావాలి. ఎఫ్ 1.8 నుంచి ఎఫ్ 1.2కి వెళ్తే అదనంగా వచ్చేది ఒక స్టాప్‌కు (అంటే వెలుతురు రెట్టింపుకు) కాస్త ఎక్కువ, అంతే. ఆ ఒక్క స్టాప్‌ను ఐఎస్‌ఓ 400 బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌ను 800 అనుకుని కొట్టి, ల్యాబ్‌వాళ్లకు ఆ మాట చెప్పి కడిగిస్తే సంపాదించొచ్చు. ఫొటోలో సన్నటి గింజల్లాంటి చుక్కలు కాస్త పెరుగుతాయి. పెరగనివ్వండి.

ఫోకస్ తిప్పలు వేరే ఉన్నాయి. మీటరు దూరంలో ఎఫ్ 2 పెడితే స్పష్టంగా వచ్చే మందం ఐదు సెంటీమీటర్ల లోపే. ఎఫ్ 1.2 దగ్గర మూడు సెంటీమీటర్లు. నాన్న కన్ను మీద ఫోకస్ చేశాక ఆయన ఊపిరి పీల్చి కాస్త వెనక్కి వాలితే చాలు, మీకు మిగిలేది ముక్కు. పైగా రేంజ్‌ఫైండర్ ఎంత కచ్చితంగా దూరం కొలుస్తుందన్నది దాని రెండు కిటికీల మధ్య ఎడం మీద ఆధారపడుతుంది. మీ కెమెరాలో ఆ ఎడం 41 మి.మీ. లైకా ఎం3లో 68.5 మి.మీ. ఉంటుంది, దాని వ్యూఫైండర్ వస్తువుల్ని కాస్త చిన్నగా చూపిస్తుంది కాబట్టి ఆ మేరకు తీసేస్తే 62 దాకా మిగులుతుంది. 41 తక్కువేమీ కాదు, ఎఫ్ 1.8కి నిశ్చింతగా సరిపోతుంది. అయితే అరవై ఏళ్లు దాటిన కెమెరా. ఫోకస్ కుదిర్చే చోట మధ్యలోని పసుపు మరక వెలిసిపోయి ఉంటే ఎఫ్ 1.2తో కుస్తీ పట్టాల్సి వస్తుంది. ఆ పెద్ద లెన్స్ వ్యూఫైండర్‌లో కింద కుడి మూలను కప్పేయడం మరో తలనొప్పి.

మరి ఏది కొనాలి? నా ఓటు కెనాన్ 50 మి.మీ. ఎఫ్ 1.8కి. మీ కెమెరాతో పాటు అప్పట్లో అమ్మిన లెన్సుల్లో అదొకటి. 1951లో మొదలుపెట్టి రెండు మూడు రూపాల్లో చేశారు. మొదట్లో వెండి రంగులో బరువుగా ఉండేది, తర్వాత నలుపు కలిసి తేలికైంది. నాలుగు గుంపుల్లో ఆరు గాజులు. ఎఫ్ 1.8 దగ్గర మధ్యలో పదునుగా, అంచుల్లో కాస్త మెత్తగా ఉంటుంది. ఎఫ్ 4 దాటాక చాలావరకు తేడా పోతుంది. చిన్నది, వ్యూఫైండర్‌కు అడ్డురాదు. మీ ముప్పై వేలల్లో దీని తర్వాత ఫిల్ముకు, కడగడానికి కూడా మిగలాలి. మొదటి ఆరు నెలలు అసలు ఖర్చు అక్కడే. ఎఫ్ 1.4 కూడా ఉంది, మంచిదే, కానీ మీ ప్రశ్నలోని ఏ ఫొటోకీ అది తప్పనిసరి కాదు.

అయితే ఈ ఎఫ్ 1.8కి ఒక పేరుమోసిన జబ్బుంది. ఎపర్చర్ రేకుల (లెన్స్ లోపల వెలుతురు దారిని పెంచి తగ్గించే రేకుల) పక్కనున్న గాజు మీద పొగ పట్టడం. కొన్నింటిలో తుడిస్తే పోతుంది. కొన్నింటిలో గాజే తినేసి ఉంటుంది, ఎవరు తుడిచినా పోదు. అందుకే నేను మీకు ఒక లెన్స్ పేరు చెప్పి సరిపెట్టడం లేదు. శుభ్రమైన జూపిటర్ ముందు పొగ పట్టిన కెనాన్ దేనికీ పనికిరాదు. ఈ వయసు లెన్సుల్లో ఒకే మోడల్‌లో రెండు పీసులు కూడా ఒకలా ఉండవు.

నిక్కోర్ (నికాన్ కంపెనీ లెన్సుల పేరు) 50 మి.మీ. ఎఫ్ 2 మర రకం కనిపిస్తే దాన్నీ చూడండి. కెనాన్ కెమెరాకు నిక్కోర్ ఏమిటని మొహమాటం వద్దు. 1936లో కెనాన్ మొదటి కెమెరా హాన్సా వచ్చినప్పుడు దాని లెన్స్ చేసిచ్చింది నిప్పన్ కొగాకు, అంటే తర్వాత నికాన్ అయిన కంపెనీయే. ఈ నిక్కోర్ ఇత్తడి మీద క్రోమ్ పూసిన గట్టి ముక్క, చేతిలో బరువు తెలుస్తుంది. మిగతావి మీటరు దగ్గరే ఆగిపోతే ఇది ఒక చిన్న గట్టు దాటి అడుగున్నర దాకా వెళ్తుంది. ఆ గట్టు దాటాక రేంజ్‌ఫైండర్ పనిచేయదు, టేపు పెట్టి కొలుచుకోవాలి. పుస్తకాల ఫొటోలకు సరదాగా ఉంటుంది.

మీ ఆఫీసాయన చెప్పిన జూపిటర్-8 చెడ్డదేం కాదు. నిజానికి అందులో ఉన్నది జర్మనీ బుర్ర. లుడ్విగ్ బెర్టెలె 1930ల మొదట్లో జర్మనీ లెన్సుల కంపెనీ జైస్ కోసం గీసిన సోనార్ అనే డిజైన్ అది. యుద్ధం తర్వాత జర్మనీ నుంచి నష్టపరిహారంగా సోవియట్‌వాళ్లు ఆ డిజైన్లనూ యంత్రాలనూ పట్టుకెళ్లారు. లెన్సులకు కోటింగ్ (గాజు మీద వెలుతురు తిరిగి మెరవకుండా వేసే పలచటి పూత) లేని కాలంలో పుట్టిన డిజైన్ కాబట్టి గాలికి తగిలే గాజు ముఖాలు తక్కువ ఉండేలా గాజుల్ని కలిపి అతికించారు. అందుకే పాతదైనా ఎదురు వెలుతురులో మరీ తెల్లబోదు. మొహాలు చాలా బాగా వస్తాయి. (మనం అన్నిటినీ రష్యా లెన్స్ అనేస్తాం గానీ, ఫెడ్ అనే సోవియట్ బ్రాండ్ కెమెరాలు, లెన్సులు తయారైంది ఖార్కివ్‌లో, అంటే ఇప్పటి ఉక్రెయిన్‌లో.)

చిక్కు ఎక్కడంటే, 50 అని రాసినంత మాత్రాన అందరి 50 ఒకటి కాదు. లైకా లెక్కలో 50 అంటే 51.6 మి.మీ. కెనాన్ ఆ లెక్కే పాటించింది. సోవియట్‌వాళ్లు సోనార్ లెక్క పట్టుకున్నారు, అది 52.4 దగ్గర ఉంటుంది. ఒక మిల్లీమీటరు కూడా లేని ఈ తేడా వల్ల దూరంలో అన్నీ సరిగ్గానే ఉంటాయి గానీ, మీటరున్నర దూరంలో లెన్స్ పూర్తిగా తెరిచి తీస్తే ఫోకస్ కొన్ని సెంటీమీటర్లు పక్కకు పోతుంది. ఎఫ్ 5.6 మీద తెలియదు. ఎండలో వీధి ఫొటోలకే అయితే జూపిటర్ తీసుకోమనేవాణ్ని. మీరు మొదట రాసింది ఇంట్లో నాన్న ఫొటోలు. అవి సరిగ్గా ఈ లెన్స్ మొరాయించే దూరంలో, మొరాయించే వెలుగులో పడతాయి. లోపల సన్నటి రింగు వేసి సరిచేసే మెకానిక్‌లు ఉన్నారు. కాకపోతే అప్పుడు మిగిల్చిన డబ్బంతా అటే పోతుంది.

లైకా ఎల్మార్ ఎఫ్ 3.5 గురించి మీరు అడగలేదు, ఎవరో ఒకరు చెప్తారు కాబట్టి ముందే అనేస్తాను. 1920ల నాటి డిజైన్, వాడనప్పుడు కెమెరాలోకి నెట్టేస్తే జేబులో పడుతుంది, చూడముచ్చటగా ఉంటుంది. బయటికి లాగి తిప్పి బిగించడం మరిచిపోతే రీలంతా మసక. ట్యూబ్‌లైట్ కింద 1/15 పెట్టుకోవాల్సిన లెన్స్ మీకొద్దు.

ఇప్పుడు కొనేటప్పుడు చేయాల్సిన పని. కోఠీలోనో మరెక్కడో చేతికిచ్చి చూపించే దుకాణం దొరికితే ఫోన్ టార్చ్ వేసుకోండి. ఎపర్చర్ పూర్తిగా తెరవండి. లెన్స్ వెనక నుంచి టార్చ్ కొట్టి ముందు నుంచి కాస్త పక్కవాటుగా చూడండి. నేరుగా చూస్తే ఏ లెన్సైనా శుభ్రంగానే కనిపిస్తుంది, మోసం అక్కడే. పక్కవాటున చూసినప్పుడు అద్దం మీద ఊపిరి ఊదినట్టు సమంగా తెల్లటి పొర కనిపిస్తే అది పొగ, లోపలి గ్రీజు ఆవిరై గాజు మీద పేరుకున్నది. సాలీడు దారాల్లా, చెట్టు వేళ్లలా పాకుతూ ఉంటే ఫంగస్. అంచున సబ్బు నురగలోలాగా ఇంద్రధనుస్సు రంగులు, బుడగలు ఉంటే రెండు గాజుల్ని అతికించిన జిగురు వదులుతోందని అర్థం. అలాంటిదాన్ని బేరం కూడా ఆడకండి. నాలుగు ధూళి కణాలు, సన్నటి గీత ఒకటి అరా ఉంటే పట్టించుకోనక్కర్లేదు, ఫొటోలో కనిపించవు. గీతలు గుంపుగా ఉంటే మాత్రం వదిలేయండి. పాతకాలం వాళ్లు లెన్స్ తుడవడానికి పంచె కొంగు వాడినవి చాలా చూశాను.

ఎపర్చర్ రేకుల మీద నూనె మరక ఉంటే చాలామంది హడలిపోతారు. ఎస్‌ఎల్‌ఆర్ లెన్స్‌కు అది నిజంగా సమస్యే, రేకులు టక్కున మూసుకోవాలి కాబట్టి. మీది చేత్తో తిప్పి పెట్టుకునేది, దానికేం కాదు. ఆ నూనె రేపు పొగగా మారుతుంది కాబట్టి ధర తగ్గించమని అడగడానికి మాత్రం పనికొస్తుంది.

ఫోకస్ రింగు ఒక కొస నుంచి ఇంకో కొస దాకా తిప్పండి. గ్రీజు ఎండిపోయి గట్టిగా ఉంటే, మర లెన్సుల్లో ఒక తమాషా జరుగుతుంది. మీరు ఫోకస్ తిప్పుతున్నాననుకుంటారు, లెన్సే కెమెరా నుంచి ఊడొస్తుంటుంది. మోజంజాహీ మార్కెట్ గడియారం ముందు ఒకరి లెన్స్ ఇలాగే చేతిలోకి వచ్చేయడం నా కళ్లారా చూశాను. గ్రీజు మార్పించడం పెద్ద పని కాదు, ఆ ఖర్చు ధరలో కలుపుకోండి.

ఆన్‌లైన్‌లో జపాన్ నుంచి తెప్పించే పక్షంలో అమ్మేవాడి భాష కొంచెం నేర్చుకోవాలి. ఎక్సలెంట్ పక్కన ఐదు ప్లస్‌లు పెట్టినా దానికి అర్థమేమీ లేదు. కింద సన్నటి అక్షరాల్లో 'కొంచెం పొగ ఉంది, ఫొటో మీద ప్రభావం లేదు' అని ఉంటుంది. నా నుమాయిష్ రీళ్లు గుర్తు చేసుకోండి. టార్చ్ వేసి తీసిన ఫొటో అడగండి. కస్టమ్స్ సుంకం మీ నెత్తినే పడుతుంది, ధర చూసేటప్పుడు అది కలిపి చూడండి. వెనక్కి పంపే వీలు లేనిచోట కొనకండి.

లెన్స్ ఇంటికి వచ్చాక వెంటనే రీలు వేసేయకండి. ఫిల్మ్ ఖర్చు లేకుండా ఫోకస్ చూసుకునే ఉపాయం ఒకటుంది, మీ నాన్నకు తెలిసే ఉంటుంది. కెనాన్ పి వెనక తలుపు తెరుచుకుంటుంది కదా, తెరిచి, ఫిల్మ్ ఆనే లోపలి రెండు పట్టాల మీద ట్రేసింగ్ కాగితం ముక్కను బిగుతుగా అంటించండి. సాయంత్రం డాబా మీదికెళ్లి వేగాల చక్రం బి దగ్గర పెట్టి బటన్ నొక్కి పట్టుకోమని నాన్నకు చెప్పండి. షట్టర్ తెర తెరుచుకుని ఉంటుంది. వేలు తగలనివ్వకండి. అది పలచటి ఉక్కు రేకు, ముడతలు పడుతుంది. ఇప్పటికే కాస్త ముడతలు ఉండి ఉంటాయి, ఈ కెమెరాల్లో అది మామూలే, పని సరిగ్గా చేస్తున్నంతకాలం బెంగ వద్దు. ఇప్పుడు చందమామనో, దూరంగా ఉన్న సెల్ టవర్‌నో చూస్తూ లెన్స్‌ను దూరం వైపు ఆఖరి దాకా తిప్పండి. ట్రేసింగ్ కాగితం మీద తలకిందులుగా బొమ్మ పడుతుంది. భూతద్దం పెట్టి చూడండి, పదునుగా ఉండాలి. అదే సమయంలో వ్యూఫైండర్‌లో రెండు బొమ్మలూ ఒకదాని మీద ఒకటి కలవాలి. రెండూ ఒక్కసారే కుదిరితే దూరం ఫోకస్ సరిగ్గా ఉన్నట్టు. తర్వాత కెమెరాను బల్ల మీద కదలకుండా పెట్టి, మీటరు దూరంలో కొవ్వొత్తి వెలిగించి అదే పరీక్ష చేయండి. దూరంలో కుదిరి దగ్గర తప్పితే లెన్స్ అనుమానించాలి. రెండుచోట్లా ఒకేలా తప్పితే కెమెరా రేంజ్‌ఫైండర్ సర్దించాలి.

మొదటి రీలు మాత్రం ఎండలో వాడండి. ఎఫ్ 8 పెట్టి ఫోకస్ 3 మీటర్ల దగ్గర వదిలేస్తే సుమారు 2.3 నుంచి 4.2 మీటర్ల దాకా ఉన్నదంతా స్పష్టంగా వస్తుంది. ఆబిడ్స్‌లో పుస్తకం చేతిలో పట్టుకుని వెల అడుగుతున్న మనిషికీ మీకూ మధ్య దూరం సరిగ్గా అంతే ఉంటుంది. మీ కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్ లేదు, ఫోన్ యాప్ చాలు. ఇంకోటి, లెన్స్ మూత తీయడం. మీరు చూసేది లెన్స్ గుండా కాదు కాబట్టి మూత పెట్టి ఉన్నా వ్యూఫైండర్‌లో లోకమంతా దేదీప్యమానంగా కనిపిస్తుంది. రీలంతా నల్లగా వచ్చాక గానీ తెలియదు. వేళ్లతో లెక్కపెట్టేంతమంది తప్ప రేంజ్‌ఫైండర్ వాడినవాళ్లందరూ ఒకసారైనా ఇది చేసినవాళ్లే.

పాత కోటింగ్ కాబట్టి చిన్న నల్ల హుడ్ (పక్క వెలుతురు పడకుండా లెన్స్ ముందు బిగించే గొట్టం) ఒకటి కొనుక్కోండి, మన ఎండలో దానికి మించిన ఫిల్టర్ లేదు. కెనాన్ ఎఫ్ 1.8 ముందు మర 40 మి.మీ., ఆ సైజు హుడ్ దొరకడం కాస్త కష్టం. బయట ఎక్కువగా దొరికేది 40.5, అది దీనికి పట్టదు. వానాకాలం తోలు కేసులో పెట్టి బీరువాలో దాచకండి. తోలు తేమ పీల్చి పెట్టుకుంటుంది, ఫంగస్‌కు అంతకంటే మంచి ఇల్లు దొరకదు. మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగాక వేడి చేస్తే మళ్లీ నీలమవుతాయి, వంటకు వాడే పెనం మాత్రం వాడకండి. అన్నిటికంటే వారానికోసారి కెమెరా బయటికి తీసి వెలుతురులో వాడటం మేలు.

డబ్బు కట్టే ముందు ఇంకొక్క పని. పెళ్లి ఫొటోలకని లెన్స్ తీసుకెళ్లిన ఆ స్నేహితుడు ఎవరో నాన్నను అడిగారా? ఒక ఫోన్ చేయించండి. ఇలాంటివి ఎవరూ అమ్ముకోరు, ఎవరూ వాడరు. షోకేసులో శంఖం పక్కన ఏళ్ల తరబడి పడి ఉంటాయి. ఆయన 'అయ్యో, ఇదిగో ఇక్కడే ఉంది, ఎన్నిసార్లు ఇద్దామనుకున్నానో' అని తీసిచ్చినా ఆశ్చర్యం లేదు. టీ తాగాక, ఆయన చూడకుండా, ఒకసారి టార్చ్ వేసి చూసుకోండి.